జర్మనీలో తెలుగు కుటుంబం, ఇక్కడి పండుగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరు ముగుస్తుందనగా కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. కిటాలో (చిన్నపిల్లల బడిలో) లాంతరు చేయమన్నారు, ఏం చేయాలి? డిసెంబరు 24న పాలు దొరుకుతాయా? సంక్రాంతికి స్కూలు మానిపించవచ్చా? ఏటా అవే సందేహాలు కాబట్టి తెలిసినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మేముండేది బాడెన్-వుర్టెంబెర్గ్‌లో. అందుకే దక్షిణ జర్మనీ అలవాట్లు కాస్త ఎక్కువ కనిపిస్తాయి. రాష్ట్రాన్ని బట్టి మారే విషయమైతే ఆ సంగతి అక్కడే చెప్పాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వచ్చిన కొత్తలో

మా ఫ్రెండ్‌కి సెలవు, నాకు లేదు. ఒకే దేశంలో ఇలా ఎందుకు?

జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి, పండుగ సెలవులు చాలావరకు రాష్ట్రాల ఇష్టం. కేథలిక్కులు ఎక్కువున్న బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా లాంటి చోట్ల నవంబరు 1 సెలవు. ప్రొటెస్టెంట్ సంప్రదాయం ఉన్న ఉత్తరాదిలో, తూర్పున (బెర్లిన్ తప్ప) అక్టోబరు 31 సెలవు. ఆగస్టు 15 బవేరియాలో చాలా ఊళ్లలో సెలవే, కాకపోతే మరియమ్మ పండుగ కోసం. మీరు ఉండే ఊరు ఒక రాష్ట్రంలో, ఆఫీసు పక్క రాష్ట్రంలో ఉంటే మామూలుగా ఆఫీసు ఉన్నచోటి సెలవే మీకు వర్తిస్తుంది. పండుగ ఆదివారం పడితే బదులుగా సోమవారం ఇవ్వరు.

ఆదివారం, పండుగ రోజు ఇంట్లో ఏ పనులు చేయకూడదు?

చప్పుడు చేసేవి. గోడకు డ్రిల్లింగ్, సుత్తి దెబ్బలు, గడ్డి కోసే మెషీన్ పనికిరావు. ఖాళీ సీసాలను వీధిలోని గాజు డబ్బాలో వేయడం కూడా ఆ రోజు వద్దు. రోజూ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ నిశ్శబ్దం పాటించాలి. చట్నీకి రెండు నిమిషాలు మిక్సీ వేస్తే ఎవరూ ఏమీ అనరు. ఇడ్లీ పిండికి గంటసేపు గ్రైండర్ ఆడించే పని మాత్రం శనివారమే ముగించుకోండి. వాషింగ్ మెషీన్ విషయం మీ బిల్డింగ్ నియమాల కాగితంలో ఉంటుంది, ఇల్లు అద్దెకు తీసుకున్న రోజే అది చదువుకోవాలి.

అడ్రస్ రిజిస్ట్రేషన్ ఫారంలో మతం అడిగారు. క్రిస్మస్‌కి చర్చికి వెళ్తే చర్చి పన్ను పడుతుందా?

పడదు. ప్రార్థనకు వెళ్లడానికీ పన్నుకూ సంబంధం లేదు. కేథలిక్ అనో, ఎవాంగెలిష్ (ప్రొటెస్టెంట్) అనో నమోదైన సభ్యులకే ఆ పన్ను. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో ఆదాయపు పన్ను మీద 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. హిందువులకు, ముస్లింలకు ఇది వర్తించదు. మన క్రైస్తవ కుటుంబాలు మాత్రం ఆ గడి నింపేముందు ఇంట్లో మాట్లాడుకోవాలి, ఎందుకంటే అక్కడ రాసింది జీతం చీటీలో కనిపిస్తుంది.

## నవంబరు, అడ్వెంట్ రోజులు

కిటాలో లాంతరు ఊరేగింపు ఉందట. అది క్రైస్తవుల పండుగ కదా, మా పాపను పంపొచ్చా?

తప్పకుండా పంపండి, మీరూ వెళ్లండి. నవంబరు 11 సాంక్ట్ మార్టిన్ రోజు. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చిన సైనికుడి కథ అది. పిల్లలు వారం ముందు నుంచే రంగు కాగితాలతో లాంతర్లు చేసుకుంటారు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక పాటలు పాడుతూ వీధుల్లో నడుస్తారు. చాలా ఊళ్లలో ముందు నిజం గుర్రం మీద ఎర్ర అంగీ వేసుకున్న మార్టిన్ ఉంటాడు. చివర్లో చిన్న మంట చుట్టూ నిలబడి తీపి రొట్టె పంచుకుంటారు.

ఇక్కడి పండుగల్లో మన పిల్లలకు మొదట దగ్గరయ్యేది ఇదే. భాష రాకపోయినా లాంతరు పట్టుకుని నడవడం వస్తుంది. లాంతరు కర్రకు చిన్న బల్బు ఉంటుంది, బ్యాటరీలు ముందే చూసుకోండి. చేతులకు గ్లవ్స్, కాళ్లకు మందం మేజోళ్లు తప్పనిసరి. లాంతర్లు చేసే మధ్యాహ్నానికి తల్లిదండ్రులను కూడా పిలుస్తారు. కిటాలో మిగతా తల్లులతో పరిచయాలు కలిసేది అక్కడే, కాబట్టి ఆఫీసు పని ఉన్నా గంటసేపు వెళ్లిరండి.

నాలుగు కొవ్వొత్తుల దండ, 24 గడుల క్యాలెండర్ అందరిళ్లలో ఉన్నాయి. మేమూ కొనాలా?

కొని తీరాలనేం లేదు. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలను అడ్వెంట్ అంటారు. వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. హాంబుర్గ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన వీషెర్న్ అనే పాస్టరు 1839లో బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి పిల్లలకు రోజులు లెక్క చూపించడంతో ఈ అలవాటు మొదలైంది. క్యాలెండర్ సంగతి వేరు. డిసెంబరు 1 నుంచి రోజుకో గడి తెరిస్తే ఒక చాక్లెట్ వస్తుంది. సోమవారం క్లాసులో పిల్లలంతా దాని గురించే మాట్లాడుకుంటారు కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఒకటి ఉంటే మంచిది. సూపర్‌మార్కెట్లో దొరికే మామూలుది చాలు. కాస్త ఓపికుంటే 24 చిన్న సంచులు కట్టి కొన్నింటిలో నువ్వుల చిక్కీ, కొన్నింటిలో తెలుగులో రాసిన చిన్న కథ పెట్టండి.

డిసెంబరు 5 రాత్రి బూట్లు తలుపు బయట పెట్టాలంటోంది మా అమ్మాయి. ఇదేంటి?

డిసెంబరు 6 సెయింట్ నికోలౌస్ రోజు. ముందు రోజు రాత్రి పిల్లలు బూట్లు తుడిచి తలుపు బయట పెడతారు, తెల్లారేసరికి వాటిలో ఏదో ఒకటి ఉంటుంది. వేయాల్సింది మీరే. రెండు కమలాలు, గుప్పెడు అక్రోట్లు, ఒక చాక్లెట్ నికోలౌస్ బొమ్మ చాలు. పెద్ద బహుమతులు ఈ రోజుకు వద్దు. బూటు మురికిగా ఉంటే నికోలౌస్ రాడని చెప్తారు, కాబట్టి పిల్లలు ఆ సాయంత్రం పాలిష్ డబ్బా, పాత గుడ్డ ముందేసుకుని చాలా శ్రద్ధగా తుడుస్తారు. ఆల్ప్స్ కొండల వైపు బవేరియా ఊళ్లలో ఈ రోజుల్లోనే కొమ్ములు, బొచ్చు చర్మాలు వేసుకున్న క్రాంపుస్ వేషగాళ్లు గంటలు మోగిస్తూ తిరుగుతారు. చిన్నపిల్లలు నిజంగా జడుసుకుంటారు, ఆ ఊరేగింపుకు ఎత్తుకుని తీసుకెళ్లకండి.

బహుమతులు తెచ్చేది అమ్మానాన్నలేనని మావాడికి తెలుసు. క్లాసులో చెప్పేస్తే?

చెప్పొద్దని ముందే నేర్పండి. దక్షిణాన, పడమర వైపు చాలా ఇళ్లలో బహుమతులు తెచ్చేది క్రిస్ట్‌కిండ్ (బాల యేసు), ఉత్తరాన, తూర్పున వైనాఖ్ట్స్‌మాన్ (క్రిస్మస్ తాత). ఆరేడేళ్ల పిల్లలు గట్టిగా నమ్ముతారు. "మనింట్లో వేరే పద్ధతి, వాళ్లింట్లో వాళ్ల పద్ధతి నాన్నా, వాళ్ల సంతోషం మనం పాడుచేయకూడదు" అంటే పిల్లలకు తేలిగ్గానే అర్థమవుతుంది.

క్రిస్మస్ మార్కెట్లో శాకాహారులం ఏం తినాలి?

కాల్చిన చెస్ట్‌నట్లు, చక్కెర పాకం పట్టిన వేడి బాదం పప్పులు ఎవరైనా తినొచ్చు. ఆపిల్ గుజ్జుతో ఇచ్చే బంగాళదుంప అట్లలో, క్రేప్‌లలో గుడ్డు ఉంటుంది. ష్టొలెన్ అనే ఎండుపళ్ల రొట్టెలో చాలాసార్లు రమ్‌లో నానబెట్టిన కిస్‌మిస్ వేస్తారు, అడిగి తీసుకోండి. జెల్లీ మిఠాయిల్లో ఉండే జెలటిన్ ఎక్కువగా పంది నుంచి తీసిందే. గ్లూవైన్ అంటే మసాలా వేసి వేడి చేసిన వైన్. పిల్లలకు, తాగనివాళ్లకు కిండర్‌పున్ష్ అని పళ్ల రసంతో చేసింది అడగాలి. కప్పుకు కొన్ని యూరోలు ఫాండ్ కట్టించుకుంటారు, తిరిగిస్తే డబ్బు వాపసు. కప్పు మీద ఆ ఊరి బొమ్మ, సంవత్సరం ఉంటాయి కాబట్టి దాచుకునేవాళ్లూ ఉన్నారు. వీలైతే ఒక ఏడాది డ్రెస్డెన్ మార్కెట్ చూడండి, అది 1434 నుంచి ఉంది.

ఆఫీసు క్రిస్మస్ పార్టీలో మందు వద్దంటే తప్పుగా అనుకుంటారా?

అనుకోరు. "నేను తాగను" అని ఒక్క మాట చెప్పి ఆపిల్ షోర్లె (సోడా కలిపిన ఆపిల్ రసం) తెచ్చుకోండి, కారణాలు చెప్పనక్కర్లేదు. గ్లాసు ఏదైనా సరే, తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. అది మాత్రం పట్టించుకుంటారు. విష్టెల్న్ అని చీట్లు వేసి బహుమతులు ఇచ్చుకునే ఆట పెడితే వాళ్లు చెప్పిన డబ్బు పరిమితి దాటొద్దు. మనం ప్రేమగా ఎక్కువ పెట్టినా తీసుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు.

పక్కింటి పెద్దావిడ బిస్కెట్ల డబ్బా ఇచ్చారు. మా అత్తయ్య గుడ్డు తినరు. తిరిగి ఏమివ్వాలి?

డిసెంబరులో ఇంట్లో కాల్చే ఆ చిన్న బిస్కెట్లను ప్లెట్స్‌ఖెన్ అంటారు. దాల్చినచెక్క నక్షత్రాలు గుడ్డు తెల్లసొనతో చేస్తారు. నెలవంక ఆకారంలో ఉండే వనిల్‌కిప్‌ఫెర్ల్ గుడ్డు లేకుండానూ చేస్తారు. ఆవిడనే అడగండి, ఏమేం వేశారో చెప్పడం వాళ్లకు ఇష్టం. డబ్బా ఖాళీగా తిరిగివ్వకుండా మీరు చేసిన జంతికలో, సున్నుండలో పెట్టి ఇవ్వండి. అందులో జీడిపప్పు, వేరుశనగ లాంటివి వేస్తే ఒక చీటీ మీద రాయండి, గింజల అలర్జీ ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది.

## డిసెంబరు 24, 25, 26

24న షాపులు ఎప్పటిదాకా ఉంటాయి?

చట్టప్రకారం మధ్యాహ్నం 2 వరకే. చాలా షాపులు ఇంకా ముందే మూసేస్తాయి. 25, 26 రెండూ సెలవులు, ఆ వెంటనే ఆదివారం వస్తే వరసగా మూడు రోజులు ఏమీ ఉండదు. పాలు, పెరుగు, కూరగాయలు, పిల్లల డైపర్లు 23నే తెచ్చి పెట్టుకోండి. మందుల షాపులు వంతులవారీగా తెరిచి ఉంటాయి, ఆ జాబితా ప్రతి మందుల షాపు తలుపు మీద అంటిస్తారు. 24 సాయంత్రం బస్సులు, ట్రాములు బాగా తగ్గిపోతాయి. ఆ రాత్రి ఎక్కడికైనా వెళ్లాలంటే తిరుగు ప్రయాణం టైము ముందే చూసుకోవాలి.

హిందువులం. ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టొచ్చా?

ఇది మీ ఇంటి నిర్ణయం. మా ఇంట్లో పెడతాం. పిల్లలకు అది దీపాల చెట్టు, దాని పక్కనే దేవుడి గూట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. వద్దనుకునే ఇళ్లూ నాకు తెలుసు, వాళ్ల పిల్లలకూ ఏ లోటూ రాలేదు. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం చెట్టు తెచ్చాక వాదించుకోకుండా తెచ్చేముందే మాట్లాడండి.

నిజం చెట్టు కొనేవాళ్లకు రెండు మాటలు. నార్డ్‌మాన్ రకం గుచ్చుకోదు, ఆకులు త్వరగా రాలవు. నీళ్లు పోసే స్టాండ్ కొనండి. ఇక్కడ కొందరు నిజం కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఎండిన చెట్టు క్షణాల్లో అంటుకుంటుంది కాబట్టి మీరు ఎల్‌ఈడీ దీపాలే వాడండి. జనవరి 6 దాటాక చాలా ఊళ్లలో మునిసిపాలిటీ వాళ్లు చెట్లు తీసుకెళ్తారు, అలంకరణ అంతా తీసేసి బయట పెట్టాలి.

జర్మన్ స్నేహితులు 24 సాయంత్రం ఇంటికి పిలిచారు. ఎలా వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

ముందుగా ఒక మాట: ఇది చాలా పెద్ద పిలుపు. ఆ సాయంత్రం ఇక్కడివాళ్లు సొంత మనుషుల మధ్యే గడుపుతారు. మిమ్మల్ని పిలిచారంటే ఇంటి మనిషిగా చూస్తున్నట్టే, వీలైనంతవరకు కాదనకండి.

చెప్పిన టైముకి వెళ్లండి. పువ్వులో మంచి చాక్లెట్లో, వాళ్ల పిల్లలకు చిన్న బహుమతో చాలు. శాకాహారులైతే పిలిచిన రోజే చెప్పేయండి. ఆ రాత్రి చాలా ఇళ్లలో బంగాళదుంప సలాడ్, సాసేజ్‌లు పెడతారు. సలాడ్‌లో మాంసం ఉడికించిన నీళ్లో, పంది మాంసం ముక్కలో పడే అవకాశం ఉంది, ముఖ్యంగా దక్షిణాన. ఎర్ర క్యాబేజీ కూరలో బాతు కొవ్వు వేయడం మామూలే. ముందే తెలిస్తే మీకు విడిగా తీసి పెడతారు. తీరా భోజనాల దగ్గర చెప్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

పిల్లలకు అసలు ఘట్టం బహుమతుల వేళ. చెట్టు ఉన్న గది తలుపు మధ్యాహ్నం నుంచే మూసి ఉంచుతారు. పిల్లలు బయట కూర్చుని తాళం చెవి రంధ్రంలోంచి తొంగి చూస్తుంటారు. లోపల చిన్న గంట మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, దీపాలన్నీ వెలిగించిన చెట్టు, దాని కింద పొట్లాలు. కొన్ని ఇళ్లలో ముందు పాటలు పాడాక గానీ పొట్లాలు ముట్టుకోనివ్వరు. మీ పిల్లల పేరుతోనూ ఒక పొట్లం ఉండొచ్చు, అక్కడే విప్పించి థాంక్స్ చెప్పించండి. మనలా ఇంటికొచ్చాక విప్పుదామని పక్కన పెడితే నచ్చలేదనుకుంటారు.

మమ్మల్ని ఎవరూ పిలవలేదు. రోడ్డు మీద ఒక్కరూ లేరు. మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఇదేం పండుగ అంటున్నారు.

ఈ ప్రశ్న వెనకున్న దిగులు నాకు తెలుసు. పండుగంటే మనకు వీధి, చుట్టాలు, మైకు, ఇరుగుపొరుగు. ఇక్కడ క్రిస్మస్ ఇంటి లోపలి పండుగ. సందడంతా 23 వరకే, 24 సాయంత్రం ఆరయ్యేసరికి ఊరు మూగబోతుంది. దానర్థం మిమ్మల్ని దూరం పెట్టారని కాదు, పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ ఆ రోజుకు తల్లిదండ్రుల దగ్గరికి చేరుకుంటారు, అంతే.

పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, పైగా ఈ నిశ్శబ్దం, ఎవరికైనా గుబులుగానే ఉంటుంది. 24 మధ్యాహ్నం దగ్గర్లోని చర్చిలో పిల్లలు వేసే క్రీస్తు జనన నాటకం చూడటానికి తీసుకెళ్లండి, ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ ఉండదు. చర్చిల్లో బొమ్మలతో పేర్చే పశువుల పాకను చూస్తే మన బొమ్మల కొలువు గుర్తొస్తుంది, ఆ ముచ్చట అమ్మావాళ్లకు బాగా నచ్చుతుంది. 25న ఊళ్లో ఉన్న రెండు మూడు తెలుగు కుటుంబాలు ఒక ఇంట్లో కలవండి. ఒంటరిగా ఉండే స్టూడెంట్లను మరవకుండా పిలవండి, హాస్టళ్లు ఖాళీ అయ్యే ఈ మూడు రోజులు వాళ్లకు అన్నిటికన్నా కష్టం.

మేం క్రైస్తవులమే. అయినా ఇక్కడి క్రిస్మస్ మాది కాదనిపిస్తోంది. మాలా ఇంకెవరికైనా అనిపించిందా?

చాలామందికి అనిపిస్తుంది. గుంటూరులోనో విజయవాడలోనో డిసెంబరు మొదలైతే సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్లు ఇంటింటికీ వచ్చే కేరల్స్, 25 పొద్దున్నే కొత్త బట్టలతో ఆరాధన, మధ్యాహ్నం చుట్టాలందరికీ బిర్యానీ. ఇక్కడ జనం చర్చికి ఎక్కువగా వచ్చేది 24 సాయంత్రం, రాత్రి ఆరాధనలకు. 25 ఉదయం బెంచీలు సగం ఖాళీ. 25 పొద్దున వెళ్లి ఎవరూ లేరని బాధపడేకన్నా 24న వెళ్లండి, అరగంట ముందు వెళ్తేనే చోటు దొరుకుతుంది.

మన ఇంటి ముందు వేలాడదీసే కాగితపు నక్షత్రం మాత్రం ఇక్కడా ఉంది. సాక్సనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊరి పేరుతో ఉన్న క్రైస్తవ సంఘం వాళ్లు 19వ శతాబ్దంలో తమ బడి పిల్లలకు జ్యామితి నేర్పడానికి చేయించిన నక్షత్రం ఇప్పుడు దేశమంతా వాకిళ్లలో వెలుగుతుంది. తెలుగు క్రైస్తవానికి ఈ దేశంతో పాత బంధుత్వమే ఉంది. జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి అమెరికా వెళ్లిన హేయర్ అనే పాస్టరు 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. ఇక్కడి ఎవాంగెలిష్ చర్చికి వెళ్లి మీరు గుంటూరు లూథరన్లమని చెప్పండి, వాళ్లు ఆసక్తిగా వింటారు. పెద్ద నగరాల్లో ఇంగ్లీషు ఆరాధనలు ఉంటాయి. నాలుగు కుటుంబాలు కలిస్తే ఇంట్లోనే తెలుగు పాటలతో ఒక సాయంత్రం పెట్టుకోవచ్చు, 10 దాటకుండా చూసుకుంటే చాలు.

## కొత్త సంవత్సరం, జనవరి

డిసెంబరు 31న అందరూ టపాసులు కాలుస్తున్నారు. ఎప్పుడు, ఎక్కడ కొనాలి?

ఏడాది చివరి మూడు పనిదినాల్లోనే సూపర్‌మార్కెట్లలో అమ్ముతారు. 18 ఏళ్లు నిండినవాళ్లే కొనాలి, 31న, 1న మాత్రమే కాల్చాలి. చర్చిలు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, పాత చెక్క ఇళ్ల దగ్గర నిషేధం. కొన్ని నగరాల్లో సెంటర్ మొత్తం కాల్చనివ్వరు. సరిహద్దు దాటి తెచ్చే చవక టపాసులు ముట్టుకోవద్దు, అనుమతి గుర్తు లేనివి ప్రమాదం, నేరం కూడా. అర్ధరాత్రి వీధుల్లో రాకెట్లు అడ్డంగా వస్తాయి, పిల్లలతో బాల్కనీ నుంచో కిటికీ నుంచో చూడండి.

జనవరి మొదట్లో కిరీటాలు పెట్టుకున్న పిల్లలు వచ్చి తలుపు మీద సుద్దతో ఏదో రాశారు. తుడిచేయాలా?

తుడవొద్దు. వాళ్లు ష్టెర్న్‌సింగర్లు, జనవరి 6 ముగ్గురు రాజుల పండుగకు కేథలిక్ చర్చిల నుంచి వచ్చే పిల్లలు. ఒక పాట పాడి, గుమ్మం మీద ఆ ఏడాది అంకెలు, వాటి మధ్య సి, ఎం, బి అక్షరాలు రాస్తారు. అది ఇంటికి దీవెన. పేద దేశాల పిల్లల కోసం డబ్బా పట్టుకుని విరాళం అడుగుతారు, తోచినంత వేయండి. మరుసటి ఏడాది వాళ్లొచ్చేదాకా రాత అలాగే ఉంచుతారు. గుమ్మం మీద రాయించుకోవడం ఇష్టం లేకపోతే మర్యాదగా చెప్పండి, ఏమీ అనుకోరు. చలిలో ఇల్లిల్లూ తిరుగుతారు కాబట్టి చేతిలో తలా ఒక మిఠాయి పెట్టండి.

## ఫిబ్రవరి నుంచి ఈస్టర్ దాకా

కార్నెవాల్ అనే వేషాల పండుగకి వేషం వేయించమన్నారు. మన లంగా ఓణీ వేసి పంపనా?

నా అభిప్రాయం అడిగితే, వద్దు. అది మన బట్ట, వేషం కాదు. పిల్లలకు ఆ తేడా చిన్నప్పుడే తెలియాలి. పులి, తేనెటీగ, ఫైరింజన్ మనిషి లాంటి మామూలు వేషం చాలు, పాతవి చవకగా దొరుకుతాయి. కొలోన్, మైంజ్ వైపు ఇది ఏడాదిలో పెద్ద సందడి. బండ్ల మీద నుంచి మిఠాయిలు విసురుతారు, ఒక గుడ్డ సంచి పట్టుకెళ్లండి.

గుడ్ ఫ్రైడే సెలవే కదా, హాలు తీసుకుని ఉగాది ప్రోగ్రాం పెట్టుకోవచ్చా?

ఆ రోజు వద్దు. అది మౌనపు పండుగ, బహిరంగంగా నాచ్‌గానాలు చట్టప్రకారం నిషేధం. బెర్లిన్‌లో నియమం కొంచెం తేలిక, బవేరియాలో గట్టి. ఇంట్లో నలుగురు కలిసి ఉగాది పచ్చడి తిని పంచాంగం చదువుకుంటే అడ్డు లేదు. డాన్సులున్న ప్రోగ్రాంకు ఆ ముందో వెనకో శనివారం చూసుకోండి, పవిత్ర శనివారం మాత్రం కొన్ని రాష్ట్రాల్లో నిషేధం కిందే ఉంటుంది.

ఈస్టర్‌కి గుడ్లు దాచి వెతికే ఆట ఉందట. మేం గుడ్డు ముట్టం.

చాక్లెట్ గుడ్లు దాచండి. లేదా చెక్క గుడ్లు దొరుకుతాయి, రంగులు వేసి ఏటా వాడుకోవచ్చు. ఉత్తర జర్మనీలో ఉన్నవాళ్లు ఈస్టర్ శనివారం రాత్రి ఊరి ఫైర్ స్టేషన్ వాళ్లు వేసే పెద్ద మంటకు పిల్లల్ని తీసుకెళ్లండి. భోగిమంట వేసుకునే వీలు ఇక్కడ ఎవరికీ లేదు కాబట్టి మావాళ్లు కొందరు ఆ ముచ్చట అక్కడే తీర్చుకుంటారు.

## మన పండుగలు ఇక్కడ

దీపావళికి టపాసులు కాల్చుకోవచ్చా?

చప్పుడు చేసేవి, రాకెట్లు కుదరవు, వాటికి ఆర్డ్‌నుంగ్స్ఆమ్ట్ (ఊళ్లో నియమాలు చూసే ఆఫీసు) నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఎఫ్1 (తక్కువ ప్రమాదం ఉన్న రకం) గుర్తున్న కాకరపువ్వొత్తుల లాంటివి ఏడాది పొడవునా వాడొచ్చు, 12 ఏళ్లు దాటినవాళ్లకు. దీపావళి నాటికి షాపుల్లో ఉండవు కాబట్టి డిసెంబరులోనే రెండు పెట్టెలు కొని పొడిచోట దాచుకోండి.

పూజలో సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగింది. ఏం చేయాలి?

అలారం తీసేయకండి, ఇళ్లలో అది ఉండి తీరాలని చట్టం. కిటికీ తెరిచి, అలారానికి దూరంగా, వంటింటి చిమ్నీ ఫ్యాన్ కింద వేయండి. వ్రతానికి హోమం చేయాలంటే గుడికి వెళ్లడమే మంచిది. మెట్ల దగ్గర ముగ్గు వేసేముందు పక్కింటివాళ్లకు చెప్పండి, జారి పడతారేమోనని భయపడతారు.

బతుకమ్మకు పూలెక్కడ దొరుకుతాయి? నిమజ్జనం ఎక్కడ?

ఊరి బయట రోడ్డు పక్కన మీరే కోసుకునే పూల తోటలుంటాయి. గట్టున ఒక కత్తి, ధరల బోర్డు, డబ్బులు వేసే ఇనుప డబ్బా, మనుషులెవరూ ఉండరు. సెప్టెంబరు చివరిదాకా డాలియాలు, పొద్దుతిరుగుడు పూలు, జినియాలు దొరుకుతాయి. ఎన్ని కోస్తే అన్నింటికీ లెక్కపెట్టి డబ్బు వేయండి, మన నమ్మకం అక్కడ నిలబడాలి. తంగేడు దొరకదు, పసుపు రంగు చామంతులతో సరిపెట్టుకుంటాం. వరసలు పేర్చాక చుట్టూ తిరిగి పాడుకోవడానికి పార్కులో చోటు కావాలంటే ఊరి ఆఫీసులో అడగాలి. నదిలో, చెరువులో వదలొద్దు, వినాయకుడి విగ్రహమైనా అంతే, నీళ్ల చట్టాలు గట్టివి. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి ఇంట్లోనే నిమజ్జనం చేసి, పూలు జీవ చెత్త డబ్బాలో వేస్తాం. మట్టి వినాయకుడైతే ఆ మట్టి పూలకుండీకి.

మా పిల్లలకు మన పండుగ కన్నా క్రిస్మసే ఇష్టం. మేమెక్కడ తప్పాం?

మీరేం తప్పలేదు. క్రిస్మస్‌కి ఊరు ఊరంతా సాయం చేస్తుంది: నెలరోజులు స్కూల్లో పాటలు, షాపుల్లో దీపాలు, అందరికీ సెలవులు. మన సంక్రాంతి మంగళవారం వచ్చి, నాన్న ఆఫీసులో, పిల్లలు స్కూల్లో ఉండి, రాత్రి ఏడింటికి చక్కెర పొంగలి తింటే అది పిల్లలకు పండుగలా ఎలా ఉంటుంది?

ఇక్కడి పండుగను తగ్గించడం దారి కాదు, మనదాన్ని పెంచాలి. పండుగ రోజు కుదరకపోతే దగ్గర శనివారం చేయండి, తిథి తప్పిందన్న బెంగ వద్దు, తిథి నాడు దీపం పెట్టి సంబరం శనివారం చేసుకోవచ్చు. అడ్వెంట్‌కి రోజులు లెక్కపెట్టినట్టే దసరాకూ లెక్కపెట్టించండి. కిటా టీచరును అడిగి దీపావళికి ప్రమిదలు పట్టుకెళ్లండి, తమ పండుగ గురించి టీచర్ క్లాసులో చెప్పిన రోజు పిల్లల ముఖం చూడాలి. భోగిపళ్లు పోయడానికి రేగుపళ్లు లేకపోతే చైనా వాళ్ల షాపుల్లో ఎండు ఎర్ర రేగుపళ్లు దొరుకుతాయి, పూలరేకులు, చిల్లర డబ్బులు కలిపి పోయండి. వాళ్ల జర్మన్ స్నేహితుల్ని కూడా పిలవండి.

సంక్రాంతికి ఇండియా వెళ్లాలి. స్కూలు నాలుగు రోజులు మానిపిస్తే ఏమవుతుంది?

ఇబ్బందే. చెప్పకుండా మానిపిస్తే జరిమానా పడుతుంది. బవేరియాలో సెలవులకు ముందు రోజుల్లో ఎయిర్‌పోర్టులో పోలీసులు బడి ఈడు పిల్లలున్న కుటుంబాలను ఆపి అడుగుతారు. క్రిస్మస్ సెలవులు చాలాచోట్ల జనవరి 6 ప్రాంతంలోనే ముగుస్తాయి, మన సంక్రాంతి ఆ తర్వాత వారానికి వస్తుంది. మతపరమైన పండుగ అని రాసి ఒక రోజు సెలవుకు చాలా ముందుగా దరఖాస్తు పెట్టొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం స్కూలు చేతిలో ఉంది. ప్రయాణానికి నాలుగు రోజులు అడిగితే మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. పిల్లలు కిటాలో ఉన్నన్నాళ్లు ఈ నియమం లేదు, కాబట్టి తాతగారి ఊళ్లో సంక్రాంతి చూపించాలనుకుంటే ఒకటో తరగతిలో చేరకముందే టికెట్లు తీసుకోండి.